నోవైలో ఇల్లు మోసిన శనివారం

విశ్వనాథం గారు కొడుకు ఇంటి పెరట్లో తన చేతుల్తో కట్టిన చెక్క గదికి ముందు ఒక అరుగు ఉంది. సామాను పెట్టుకునే షెడ్డుకి అరుగెందుకని కొడుకు ఫణి అడిగితే, "షెడ్డు సామానుకి, అరుగు మనుషులకి" అన్నారు ఆయన. అన్నట్టే అయింది. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రపు నోవైలో, ఆ వీధికి ఇండియా నుంచి వేసవిలో వచ్చిపోయే పెద్దవాళ్ళందరూ సాయంత్రం అయ్యేసరికి అక్కడికే చేరేవారు. పక్కింటి హస్నా కూడా ఆఫీసు నుంచి రాగానే టీ కప్పు పట్టుకుని వచ్చి ఆ అరుగు చివర కూర్చునేది.

హస్నాది ఇండోనేషియా. సులవేసి అనే దీవిలో, సోపెంగ్ జిల్లాలో, సాలోవతు అనే వరి పండించే పల్లె. కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుగా చేస్తోంది. భర్త మార్క్ మిషిగన్‌లోనే పుట్టి పెరిగినవాడు, నెమ్మదైన మనిషి. ఎనిమిదేళ్ళుగా ఆ వీధిలో ఉంటున్నా హస్నా కాళ్ళు వేళ్ళాడేసుకుని, ఎవరూ ఏమీ అడగకుండా కూర్చున్న మొదటి చోటు మాత్రం ఆ అరుగే. సాలోవతులో ఇళ్ళన్నీ నిలువెత్తు స్తంభాల మీద ఉంటాయి. పైన పడుకుంటారు, కింద బతుకుతారు. ఇంటి కింది ఆ నీడలోనే వెదురు మంచం ఉంటుంది, కోళ్ళు తిరుగుతాయి, పొలం దున్నే చేతి ట్రాక్టరు ఉంటుంది, దారిన పోయేవాళ్ళు వచ్చి కూర్చుని కబుర్లు చెప్పి పోతారు. విశ్వనాథం గారి అరుగు మీద పచ్చి చెక్క వాసన వస్తుంటే ఆమెకి ఇంటి కింద కూర్చున్నట్టే ఉండేది.

వాళ్ళిద్దరి మధ్య నడిచేది ఇంగ్లీషే. ఆయనది తెనాలి ఇంగ్లీషు, ఆమెది సోపెంగ్ ఇంగ్లీషు. రెండూ అమెరికాకి సమానదూరంలో ఉన్నవే కాబట్టి ఒకరి మాట ఒకరికి ఇట్టే అర్థమయ్యేది.

సెప్టెంబరు మొదట్లో సిటీ నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మర్యాదస్తుడే. గది చుట్టూ తిరిగి, అరుగు మీద చెయ్యి వేసి చూసి, పని బాగుందని మెచ్చుకుని, ఆ తరవాత అసలు మాట చెప్పాడు. గది సరిగ్గా వాననీటి పైపు మీద ఉంది. కొలిచేటప్పుడు ఫణి కంచె నుంచి కాకుండా చెట్టు నుంచి కొలిచాడు. నెలాఖరులోగా అక్కణ్ణించి తీసెయ్యాలి. పెరటికి అవతలి మూల పెట్టుకుంటే తమకేమీ అభ్యంతరం లేదు.

నాలుగు రోజుల తరవాత ఒక సాయంత్రం అందరూ అరుగు మీద చేరారు. ఫణి, భార్య స్రవంతి, ఫణితో కలిసి పనిచేసే వేదాంత్, విశ్వనాథం గారు, హస్నా ఉన్నారు. రెండిళ్ళ మధ్య సందు ఇరుకు, దానికి తోడు మేపుల్ చెట్లు. గదిని జరిపే ఏ మెషినూ లోపలికి రాదని అప్పటికే ఇద్దరు కాంట్రాక్టర్లు చెప్పేసి వెళ్ళారు.

"విప్పేద్దాం నాన్నా," అన్నాడు ఫణి. "వుడ్ అంతా గరాజ్‌లో పెడదాం. నెక్స్ట్ సమ్మర్ మీరు వచ్చాక మళ్ళీ కట్టొచ్చు."

"విప్పితే చెక్కలు మిగులుతాయిరా, గది మిగలదు," అన్నారు విశ్వనాథం గారు. జూన్, జూలై నెలలు రెండూ ఆయన ఆ గది మీదే పెట్టారు. నవంబరులో తిరుగు ప్రయాణం.

"విప్పడం ఎందుకు?" అంది హస్నా. "ఎత్తి అటు పెట్టేస్తే సరిపోతుంది కదా."

ఆ మూల ఉన్న కుర్చీని ఈ మూలకి జరపమన్నట్టు అంది. అందరూ ఆమె వంక చూశారు.

"ఎత్తడమా? దేన్ని, దీన్నా?" అంది స్రవంతి.

"మా ఊళ్ళో ఇళ్ళే ఎత్తుతాం. ఇది చిన్నది."

వేదాంత్ అప్పటికే ఫోన్ తీశాడు. "ఆగండాగండి, నేను చూశా దీన్ని. సూపర్ ఫన్నీ వీడియో." వెతికి అందరి ముందూ పెట్టాడు. ఎక్కడో సులవేసి పల్లెలో ఒక రేకుల కప్పు ఇల్లు, దాని కింద వందల కాళ్ళు, ఇల్లు పొలం గట్టు వెంట నడిచిపోతోంది. ఎవరో దానికి సర్కస్ సంగీతం తగిలించారు. ఫణి నవ్వాడు. స్రవంతికీ నవ్వొచ్చింది కానీ హస్నా మొహం చూసి ఆపుకుంది.

"ఆ మ్యూజిక్ తీసెయ్," అంది హస్నా. కోపంగా కాదు. "అది మా పక్క ఊరు. ఆ గట్టు దాటితే మా పొలాలే."

వేదాంత్ గబుక్కున ఫోన్ మూగబెట్టాడు. "సారీ హస్నా, రియల్లీ. నాకు తెలీదు."

"తెలీదు కదా. చెప్తాను, విను."

అప్పుడు హస్నా చెప్పింది. ఆఫీసులోనైనా వీధిలోనైనా ఎవరు మీ ఊరేదని అడిగినా అందరికీ తెలిసిన బాలీ దీవి పేరు చెప్పి ఊరుకునే మనిషి, ఆ పూట టీ చల్లారిపోయినా చూసుకోకుండా చెప్పింది. తమ ఊళ్ళో భూమి వేరు, ఇల్లు వేరు. పిల్లకి పెళ్ళయి పుట్టింటి పక్కన ఉండాలన్నా, పొలం అన్నదమ్ములు పంచుకున్నా, రోడ్డు అటుపక్కకి పడ్డా, ఇల్లు లేచి వెళ్తుంది. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు మైకులో ఒక మాట చెప్తారు, అంతే. మర్నాడు పొద్దున్నే మగవాళ్ళందరూ వచ్చేస్తారు. పనికి వచ్చినవాడికి కూలి ఉండదు, రానివాడికి తిట్టు ఉండదు, కానీ రానివాడంటూ ఉండడు. స్తంభాలకి అడ్డంగా, నిలువుగా లావు వెదుళ్ళు కడతారు. పగిలేవన్నీ ముందే దింపేస్తారు. ఆడవాళ్ళు ముందురోజు నుంచీ వంటలో ఉంటారు. కొబ్బరిపాలతో ఉడికించి అరిటాకులో చుట్టిన అన్నం, అరటిపండు మెత్తగా చేసి ఆవిరిమీద ఉడికించిన తీపి, చేపల పులుసు. ముందు ఒకాయన నిలబడి, అందరూ ఒకేసారి ఎత్తేట్టు లెక్క పిలుస్తాడు. ఆ గొంతు మీద ఇల్లు లేస్తుంది.

"మా ఊళ్ళో పిలిచేది మా అంబో," అంది. "అంబో అంటే నాన్న. ముప్ఫై ఏళ్ళుగా ఆయనే. ఒక్క ఇల్లు కూడా కింద పడలేదు."

విశ్వనాథం గారు రిటైరయ్యేదాకా సబ్-రిజిస్ట్రారుగా చేశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సర్వీసంతా ఇళ్ళని స్థిరాస్తి అని రిజిస్టర్ చేశానమ్మా. మీ ఊరి సబ్-రిజిస్ట్రార్ ఏం చేస్తాడు పాపం?" అన్నారు. ఆ రోజు ఆయన మొహంలో కనిపించిన మొదటి నవ్వు అది.

"వెదుళ్ళు ఎలా కడతారు?" అని అడిగారు తరవాత. హస్నా ఒక చెక్కముక్క మీద పెన్సిలుతో గీసి చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

ఫణి ఒప్పుకోలేదు. "ఎవరికైనా నడుం పట్టేస్తే? లయబిలిటీ ఎవరిది? ఇది సాలోవతు కాదు హస్నా, ఇక్కడ ఎవరొస్తారు?"

"ఎవరొస్తారో నేను చూసుకుంటాను. బరువు సంగతి నువ్వు చూడు. ఒక్కొక్కరి మీదా ఎంత పడుతుందో లెక్కకట్టు. ఎక్కువైతే వద్దు."

ఫణి ఇంజనీరు. లెక్క అన్నాక ఊరుకోలేడు. తలుపు, కిటికీ, లోపలి అరలు అన్నీ తీసేస్తే గది బరువెంతో రెండు రోజులు కూర్చుని తేల్చాడు. వచ్చి, "నలభై మంది ఉంటే మనిషికి ఒక చెక్-ఇన్ సూట్‌కేసు," అన్నాడు.

"ఇరవైమూడు కేజీలేగా," అంది స్రవంతి. "అది మనవాళ్ళందరికీ అలవాటే."

ఆ ఆదివారం హస్నా తండ్రికి ఫోన్ చేసింది. ఇక్కడ పొద్దునైతే అక్కడ సాయంత్రం. అంబో ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక కోత అయిపోయిన పొలాల్లోంచి ఎవరో బాతుల మందని తోలుకొస్తున్నారు. అవి పగలంతా రాలిన గింజలు ఏరుకుని తింటాయి. ఆ అరుపులకి ఆయన మాట సరిగ్గా వినబడలేదు. ఆమె సంగతంతా చెప్పింది. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. చెక్క ఏ రకం, నేల మెత్తగా ఉందా, పొద్దున మంచు పడుతుందా అని అడిగాడు.

"ఇంటిని చూడకు," అన్నాడు. "మోసేవాళ్ళ కాళ్ళు చూడు. కాళ్ళు కలిస్తే ఇల్లు దానంతటదే వస్తుంది. పిలిచేది ఎవరు?"

"నేనే అంబో. ఇక్కడ ఇంకెవరికీ తెలీదు."

ఆయన బాతుల వైపు తల తిప్పి చూశాడు. సాలోవతులో ఆడమనిషి పిలవగా ఎవరూ వినలేదు. ఆడవాళ్ళు పొయ్యిల దగ్గర నిలబడి చూస్తారు. హస్నా కూడా చిన్నప్పటినుంచీ అక్కణ్ణించే చూసింది.

"గొంతు ఒక్కటే ఉండాలి," అన్నాడు చివరికి. "ఎవరిదైనా సరే."

వీధి వాట్సాప్ గ్రూపులో పెడతానంది స్రవంతి. హస్నా వద్దంది. గ్రూపులో పెడితే బొటనవేళ్ళు వస్తాయి, మనుషులు రారు. ఇద్దరూ కలిసి ఇంటింటికీ నడిచి వెళ్ళి తలుపు తట్టారు. తెలుగువాళ్ళ ఇళ్ళు, తమిళుల ఇళ్ళు, మూల మీద పోలిష్ ముసలి దంపతుల ఇల్లు, కొత్తగా వచ్చిన మెక్సికన్ కుటుంబం. ప్రతి గుమ్మం ముందూ హస్నా ఒకటే చెప్పింది. "శనివారం పొద్దున విశ్వనాథం అంకుల్ గది ఎత్తి పక్కన పెట్టాలి. మీరు ఒక చెయ్యి వెయ్యాలి. తరవాత భోజనం." కొందరు నవ్వారు, కొందరు మళ్ళీ చెప్పమన్నారు. రానన్నవాళ్ళు తక్కువే.

శనివారం వచ్చింది. ఎండ బాగానే ఉంది కానీ గాలిలో చలి మొదలైంది. ఒకరిద్దరుగా మొదలై తొమ్మిదికల్లా పెరడు నిండిపోయింది. ఫణి లెక్కకి తక్కువ కాకపోగా ఎక్కువే వచ్చారు. ఆడవాళ్ళు కూడా గ్లవ్స్ వేసుకుని వచ్చారు. నోవైలో వెదుళ్ళు దొరకవు కాబట్టి మార్క్, వేదాంత్ కలిసి పొడవాటి దూలాలు తెప్పించి, హస్నా గీసిన బొమ్మ ప్రకారం, విశ్వనాథం గారు దగ్గరుండి చెప్తుంటే గది కింద బిగించారు. నేలలోకి దిగిన గూటాలు ముందురోజే పీకేశారు. హస్నా ఫోనుని కంచె మీద నిలబెట్టింది. తెర మీద అంబో ఉన్నాడు. అక్కడ రాత్రి తొమ్మిదైనా, ఆయన వెనక ఇంటి వరండాలో ఊళ్ళోవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు.

"మూడంటే లేపాలి," అని చెప్పింది హస్నా. "మా భాషలో లెక్కపెడతాను. సెద్ది, దువ, తెల్లు."

"మూడుకి మా తెలుగు పేరే పెట్టుకున్నారన్నమాట," అన్నారు విశ్వనాథం గారు. నవ్వులు లేచాయి. అందరూ వంగి దూలాలు పట్టుకున్నారు.

మొదటిసారి కుదరలేదు. ఆమె తెల్లు అనగానే కుడివైపు లేచింది, ఎడమవైపు లేవలేదు. వెంటనే పది గొంతులు లేచాయి. లెఫ్ట్ సైడ్ పైకి అని ఒకరు, ఆగండి ఆగండి అని ఒకరు, స్పానిష్‌లో ఒకరు, తమిళంలో ఒకరు. గది పక్కకి ఒరిగి అరుగు మూల చెక్క ఒకటి ఫట్‌మని విరిగింది. అదృష్టం బాగుండి ఎవరి కాలి మీదా పడకుండా దించగలిగారు. విశ్వనాథం గారు విరిగిన చెక్క దగ్గరికి వెళ్ళి వంగి చూసి, "ఇది మార్చుకోవచ్చులే," అన్నారు. ఆ ముక్కని ఏరి చంకలో పెట్టుకున్నారు.

ఫణి హస్నా దగ్గరికి వచ్చాడు. "ఆపేద్దామా?"

హస్నా ఫోన్ వైపు చూసింది. అంబో పెదవి విప్పలేదు. సలహా చెప్తే అది రెండో గొంతు అవుతుందని ఆయనకి తెలుసు. ఆమె గొంతు ఆయన గొంతంత పెద్దది కాదు. అంత మంది మాటల కింద అది అణిగిపోయింది. ఇంకా గట్టిగా అరవాలా అనుకుంది. అరిస్తే బొంగురుపోతుంది తప్ప నిలవదు.

పెరటి అవతలి మూల, గది కోసం రాళ్ళు పరిచి ఉంచిన చోట, విశ్వనాథం గారు టొమాటో మొక్కలకోసం చేసి పెట్టిన పొడుగాటి చెక్కపెట్టె ఒకటి బోర్లించి ఉంది. దాన్ని చూడగానే హస్నాకి సాలోవతులో కోతలయ్యాక జరిగే పండగ గుర్తొచ్చింది. పడవలాంటి పొడుగు రోలు చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు నిలబడి రోకళ్ళతో కొత్త వడ్లు దంచేవారు. దంచడం పేరుకే. అసలు సంగతి దరువు. ఒకరి పోటు పడ్డాక ఇంకొకరిది, మధ్యలో రోలు అంచు మీద ఒక చిన్న దెబ్బ. ఒక్క రోకలి తప్పితే మొత్తం దరువు చెడుతుంది. రోలు తలవైపు నిలబడి నడిపించేది హస్నా నానమ్మ. పదేళ్ళప్పుడు హస్నా చేతికి కూడా రోకలి ఇచ్చింది, తప్పిన ప్రతిసారీ మోచేత్తో పొడిచింది. ఆ దరువు ఊరి చివరి పొలాల దాకా వినబడేది. ఎవరి గొంతూ దాన్ని మింగలేదు.

హస్నా తలమీది స్కార్ఫ్ బిగించి ముడివేసుకుంది. పనికిరాని దూలం ముక్కలు రెండు ఏరుకుని ఆ పెట్టె దగ్గరికి వెళ్ళింది.

"ఇంక ఎవరూ మాట్లాడకండి," అంది. "నేను కూడా మాట్లాడను. ఇది వినండి. ముందు ఎత్తకుండా ఉన్నచోటే అడుగులెయ్యండి."

కొట్టింది. ఖాళీ పెట్టె లోతుగా మోగింది. ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్నవి, మళ్ళీ పెద్దది. మొదట కొందరు సిగ్గుపడుతూ కాళ్ళు కదిపారు. పోలిష్ ముసలాయన కళ్ళు మూసుకుని తల ఊపుతూ ముందుగా పట్టుకున్నాడు. తరవాత వేదాంత్, స్రవంతి, ఆ వెనక అందరూ. గడ్డి మీద అడుగుల చప్పుడు ఒక్కటైంది. ఆమె వాళ్ళ మొహాలు చూడలేదు, గదిని చూడలేదు. కాళ్ళు చూసింది. స్నీకర్లు, బూట్లు, ఒకరివి హవాయి చెప్పులు. అవన్నీ ఒకే కాలులా పడేదాకా కొట్టింది. అప్పుడు తల ఎత్తి, ఎంత గొంతు ఉంటే అంతా పెట్టి పిలిచింది.

"సెద్ది. దువ. తెల్లు."

గది లేచింది.

ఒక్క కుదుపు లేదు. గడ్డికి జానెడు ఎత్తున నిలిచి, పెద్ద దెబ్బకి ఒక అడుగు చొప్పున ఆమె వైపు రాసాగింది. అరుగూ, కప్పూ, నాలుగు గోడలూ ఎండలో మెల్లగా కదిలి వస్తున్నాయి. దాని వెనక విశ్వనాథం గారు ఒక్కరే, మోయడానికి ఆయన్ని రానివ్వలేదు కాబట్టి, పెళ్ళివారిని సాగనంపేవాడిలా నడిచి వస్తున్నారు. హస్నా చేతులు మంట పుడుతున్నాయి. ఆపలేదు. గది మరీ దగ్గరికి వచ్చాక మార్క్ వచ్చి పెట్టెని పక్కకి లాగాడు, ఆమె దానితోపాటు జరుగుతూనే కొట్టింది. రాళ్ళు పరిచిన చోటికి గది సరిగ్గా వచ్చాక దెబ్బలు నెమ్మదించింది. అడుగులు నెమ్మదించాయి. చివరి దెబ్బకి గది నేల మీద కూర్చుంది.

దూలాలు వదిలి నిటారుగా నిలబడి, తాము చేసిందేమిటో తామే చూసుకుంటున్నారు. తరవాత ఒక్కసారి చప్పట్లు మొదలయ్యాయి. ఫణి వెళ్ళి గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఎవరూ రారన్నాను, అందరూ వచ్చారు," అన్నాడు తనలో తాను, తండ్రికి వినబడేట్టు.

విశ్వనాథం గారు హస్నా దగ్గరికి వచ్చి ఆమె రెండు అరచేతులూ తిప్పి చూశారు. బొబ్బలెక్కి ఉన్నాయి. "మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పమ్మా. ఇటువంటి ఊరు నుంచి వచ్చి ఇన్నేళ్ళూ బాలీ అని చెప్తావా?" అన్నారు. మందలింపులాగే అన్నారు. హస్నా నవ్వబోయింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అవి దాచుకోవాలనిపించలేదు.

ఆమె ఫోన్ అందుకుంది. అవతల వరండా అంతా గోలగా ఉంది. అంబో చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నాడు.

"ఎడమ మూల కొంచెం దిగింది," అన్నాడు ముందుగా.

ఫణి రసమట్టం తెచ్చి పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా నడిమధ్యన ఉంది. వంగింది గది కాదు, కంచె మీద నిలబెట్టిన ఫోను. అది చెప్తే అంబో తలవంచి నవ్వాడు. ఆ తరవాత నవ్వు ఆపి కూతురి వంక చూశాడు.

"అది మా అమ్మ దరువు," అన్నాడు. "ఇళ్ళు మోసింది మేము, వడ్లు దంచింది వాళ్ళు. రెండూ మన ఊళ్ళోవే. రెంటినీ ఒక చోట పెట్టాలని ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు. ఇంతమందిలో ఒకళ్ళకైనా తట్టలేదు." వెనక్కి తిరిగి వరండాలోవాళ్ళతో అన్నాడు. "విన్నారా? పిలిచింది మా హస్నా."

వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు ఆ మాటకి గట్టిగా ఏదో అన్నారు. ఆమె మేనత్త వాళ్ళందరినీ తోసుకుని ముందుకి వచ్చింది. మొహం తెర నిండా పరుచుకుంది.

"అక్కడ ఆడవాళ్ళు కూడా మోశారేమిటే?" అని అడిగింది.

"మోశారు అత్తా."

"మంచిది. మరి అంతమందికి వంట ఎవరు చేశారు?"

సాలోవతులో ఇల్లు మోసిన గొప్ప ఒక వంతైతే, వచ్చినవాళ్ళకి కడుపునిండా పెట్టిన గొప్ప మూడు వంతులు. హస్నా ఫోన్ పట్టుకుని స్రవంతి వాళ్ళ ఇంటి వెనక చెక్క డెక్ మీద పరిచిన బల్లల దగ్గరికి నడిచింది. అరిటాకుల్లో చుట్టిన కొబ్బరిపాల అన్నం తను, మార్క్ కలిసి చుట్టినది. పక్కన పెద్ద గిన్నెలో స్రవంతి చేసిన పులిహోర, పోలిష్ ఇంటి నుంచి వచ్చిన బంగాళాదుంప కుడుములు, మెక్సికన్ల మొక్కజొన్న పొట్లాలు. ఒక్కొక్కటీ దగ్గరగా చూపిస్తూ, ఎవరు చేశారో పేరుపేరునా చెప్పింది. ఆ పేర్లని అత్త తనకి వచ్చినట్టు పలికింది.

"ఆ పసుపు అన్నం దగ్గర ఆపు," అంది అత్త. "అందులో ఏం వేశారో ఆ పిల్లని పిలిచి అడుగు."

హస్నా వెనక్కి తిరిగి స్రవంతిని కేకేసింది.